మా స్థలం కింద భ్రంశం ఉందో లేదో ఎవరిని అడగాలి?

వశిష్ఠ_తీరం
పాలకొల్లు దగ్గర ఐదు సెంట్ల స్థలంలో ఇల్లు మొదలుపెట్టాను. కింద కార్లకు వదిలేసి పైన రెండు అంతస్తులు. ప్లాను గీసిన ఇంజినీరు పిల్లర్లలో ఇనుము పెంచాడు, రింగులు దగ్గర దగ్గరగా కట్టమన్నాడు. ఎందుకని అడిగితే మనది భూకంపాల పటంలో మూడో జోను (అంకె పెరిగేకొద్దీ భయం ఎక్కువ) అన్నాడు. కాంట్రాక్టరు నవ్వుతున్నాడు. ముప్పై ఏళ్లుగా కడుతున్నాడట, గోదావరి డెల్టాకు తుఫాను వస్తుంది, వరద వస్తుంది గానీ భూకంపం ఎక్కడ వచ్చింది అంటాడు. మా బావగారు ఇంకో అడుగు ముందుకు వేశారు. మన కింద అసలు రాయే లేదు, అంతా ఒండ్రు, పగలడానికి ఏముంది అంటున్నారు.

సరే, మా ఊరి కింద భ్రంశం ఉందో లేదో నేనే తేల్చుకుందామని రెండు రోజులు పటాలు వెతికాను. ఒక పటంలో మా మండలం మీదుగా గీత ఉంది. ఇంకో పటంలో అదే గీత కాస్త అవతల చుక్కలుగా ఉంది. మూడోదానిలో గీతే లేదు. డబ్బు పెట్టేది నేను. ఇంతకీ ఉన్నట్టా, లేనట్టా?

పూతరేకు
భ్రంశం అంటే ఏమిటో ముందు చెప్పండి. ఆ మాట నేను ఆయుర్వేద వైద్యుడి దగ్గర తప్ప ఎక్కడా వినలేదు.

రాళ్లమాస్టారు
రెండు చోట్లా అర్థం జారిపోవడమే. లోపలి రాతిపొర పగిలి, పగులుకు ఒక పక్కది రెండో పక్కదాన్ని వదిలి జరిగితే భ్రంశం. పగిలి ఊరుకుంటే వట్టి పగులు. వశిష్ఠ_తీరం గారికి సాయంత్రం వివరంగా రాస్తాను, ఇప్పుడు మనవడి స్కూలు బస్సు వేళ.

మండువాలోగిలి
మీ కాంట్రాక్టరు 1969లో పుట్టి ఉండడు. ఆ ఏడాది ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన భూకంపం పరిమాణం 5.7. మా నాన్నగారు అప్పుడు కొవ్వూరులో చదువుకునేవారు. అటక మీద ఇత్తడి గిన్నెలు ఒకదానికొకటి తగిలి మోగితే, పిల్లి పనే అనుకుని మామ్మ కర్ర తీసుకుందట. మర్నాడు పేపరు వచ్చేదాకా పిల్లే దోషి.

దవళేశ్వరం_కుర్రాడు
1969 దాకా ఎందుకు? 2024 డిసెంబరు 4న పొద్దున ఏడున్నరకు ములుగులో 5.3 వచ్చింది. నేను విజయవాడలో నాలుగో అంతస్తులో పళ్లు తోముకుంటున్నాను. అద్దంలో నా ముఖం ఊగింది. రాత్రి స్నేహితుడి పెళ్లి విందు ఇంకా దిగలేదనుకున్నాను.

లంకగాలి
ఒకసారి గిన్నెలు, ఒకసారి అద్దం. దీనికి ఇల్లు మొత్తం ఇనుప పెట్టెలా కట్టాలా? 1986 వరద భద్రాచలంలో 75.6 అడుగులు, 2022లో 71.3 అని లెక్క చెప్పగలం. వరదకు కొలబద్ద ఉంది, అందుకే గట్టు ఎంత ఎత్తు వేయాలో తెలుసు. ఈ భ్రంశం ఎక్కడుందో తెలియదు, ఎప్పుడు కదులుతుందో తెలియదు, ఎంత కదులుతుందో తెలియదు. మూడూ తెలియనిదానికి డబ్బు కట్టమంటే దాన్ని జ్యోతిషం అంటారు.

పూతరేకు
జ్యోతిష్కుడు కనీసం తేదీ చెబుతాడు.

రాళ్లమాస్టారు
ముందు బావగారి మాట. రాయి ఉంది, చాలా లోతుగా ఉంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, సహజవాయువు కోసం దశాబ్దాలుగా బావులు తవ్వారు. నేలలోకి కృత్రిమంగా ప్రకంపనలు పంపి, తిరిగొచ్చిన వాటితో లోపలి పొరల బొమ్మ గీశారు. పైన మన పొలాలు బల్లపరుపుగా ఉన్నా, ఆ బొమ్మలో కనిపించేది మిట్టపల్లాల నేల. తణుకు వైపు పైకి లేచిన దిమ్మ, గుడివాడ వైపు దిగబడిన పల్లం, ఇలా ఈశాన్యం నుంచి నైరుతికి వరుసలు. ఆ దిమ్మల అంచులన్నీ భ్రంశాలే, ఖండాలు విడిపోయిన కాలం నాటివి. వాటికి అడ్డంగా వాయవ్యం నుంచి ప్రాణహిత–గోదావరి చీలిక లోయ వచ్చి కలుస్తుంది. మండువాలోగిలి గారి భద్రాచలం, కుర్రాడి ములుగు ఆ లోయ పరిసరాలవే.

ఇక వశిష్ఠ_తీరం గారూ, మీరు చూసిన గీత బహుశా మత్స్యపురి–పాలకొల్లు భ్రంశం. అవును, మీ ఊరి పేరే. అది ఒండ్రు పేరుకుంటున్న కాలంలోనే, ఆ బరువుకు నేల జారుతూ ఏర్పడ్డది. చమురు వాళ్లకు అది ముఖ్యం, ఎందుకంటే వాయువు ఎక్కడ చిక్కుకుందో అది చెబుతుంది. భూకంపాల వాళ్లు అడిగేది వేరే ప్రశ్న: ఈమధ్య, అంటే గత కొన్ని వేల ఏళ్లలో, అది కదిలిందా? ఒకరు గీసిన గీతను ఇంకొకరు తమ పటంలోకి ఎక్కించుకునేటప్పుడు ఈ తేడా రాలిపోతుంది. చుక్కల గీత అంటే ఉందని ఊహించాం, కళ్లారా చూడలేదు అని అర్థం. మూడో పటం వాళ్లు ఊహించడం కూడా ఇష్టం లేక వదిలేశారు. మూడూ తప్పు కాకపోవచ్చు.

వశిష్ఠ_తీరం
మా ఊరి పేరుతోనే ఉందా! ఈ సంగతి ఇక్కడితో ఆపండి. పక్క స్థలం అమ్మకానికి పెట్టి ఉంది, అది మా బావగారిదే.

సిమెంటుధూళి
ఈ వేదికను ఊరంతా చదువుతుంది సార్.

ఇసుకగూడు
గీత లేని చోట నిశ్చింతగా ఉండవచ్చని మాత్రం అనుకోవద్దు. నేను క్రైస్ట్‌చర్చ్‌లో చదువుకున్నాను. న్యూజిలాండ్ అంటే భ్రంశాల దేశం, ప్రతిదానికీ పేరు, పటం ఉంటాయి. అయినా 2010 సెప్టెంబరులో 7.1 వచ్చినది ఏ పటంలోనూ లేని భ్రంశం మీద. నదులు తెచ్చిపోసిన గులకరాళ్ల మైదానం దాన్ని కప్పేసింది. ఆ తర్వాత 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం, ఊరికి దాదాపు కిందనే ఇంకో తెలియని భ్రంశం మీద 6.2. పరిమాణంలో చిన్నది, కానీ 185 మంది పోయారు. మా వీధిలో ఇళ్లు కూలలేదు. తారు చీలి బూడిదరంగు బురద ఉబికి వచ్చింది. కాసేపటికి మోకాలి లోతు. తర్వాత వారాల తరబడి పారలతో ఎత్తిపోశాం. మా ఇంటివాళ్ల కారు తలుపుల దాకా దిగిపోయింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది అంతర్వేదిలో మా మేనత్త వాళ్ల పెరడు. అదే ఇసుక, అదే తడి.

లంకగాలి
న్యూజిలాండ్ రెండు ఫలకాలు, అంటే భూమి పైపెంకులోని పెద్ద పలకలు, రాసుకునే చోట ఉంది. మనం ఫలకం మధ్యలో ఉన్నాం. పోలిక కుదరదు.

సిమెంటుధూళి
ఫలకం మధ్యలోనే కావాలా? మహారాష్ట్రలో కిల్లారి. 1993 సెప్టెంబరు 30, గణేశ నిమజ్జనం ముగిసిన రాత్రి తెల్లవారకముందే. పరిమాణం 6.2, దాదాపు 10,000 మంది. అప్పటి పటంలో ఆ ప్రాంతం ఒకటో జోను, అంటే అన్నిటికంటే భయం తక్కువ ఉన్న చోటు. 2002లో పటం దిద్దినప్పుడు ఒకటో జోనునే తీసేసి రెండో దానిలో కలిపేశారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయంటారు, ఇక్కడ తొమ్మిదేళ్లు పట్టింది.

కిల్లారిలో చంపింది చాలావరకు గోడలు. మట్టితో పేర్చిన అడుగుల మందం రాతి గోడలు, పైన బరువైన మట్టి కప్పు.

మండువాలోగిలి
మా పెంకుటిల్లు గోడలు కూడా అంతే మందం. చల్లగా ఉంటాయని ఇన్నాళ్లూ గొప్పలు చెప్పుకున్నాను.

లంకగాలి
సిమెంటుధూళి గారు నా వాదననే బలపరిచారు. ఆ పటం కిల్లారిని పట్టుకోలేకపోయింది. అలాంటి పటం చూపించి పాలకొల్లులో ఇనుము పెంచమంటున్నారు.

సిమెంటుధూళి
ఆ పటం బస్సు డ్రైవరు పక్కనుండే అద్దం లాంటిది, వెనక ఏం జరిగిందో చూపిస్తుంది. ఎక్కడ ఎంత ఊగినట్టు నమోదయిందో చూసి జోన్లు గీశారు. 1967లో ఒంగోలులో 5.4, 1969లో భద్రాచలంలో 5.7 నమోదు కాబట్టి మనవైపు మూడో జోను పడింది, రాష్ట్రంలో మిగతా చాలా భాగం రెండోది. 2002 పటం లెక్కన మూడో జోనుకు 0.16, రెండో దానికి 0.10 అనే గుణకం, ఎంత ఊపుకు తట్టుకునేలా కట్టాలో లెక్కించేది దాంతోనే. జోను గీత దాటగానే నేల మెత్తబడటమో గట్టిపడటమో జరగదు. అయినా లెక్క మొదలుపెట్టడానికి ఏదో ఒక అంకె కావాలి కదా.

రాళ్లమాస్టారు
లంకగాలి గారు నొక్కింది సరైన చోటే. తెలిసిన భ్రంశం ఉంటే పని తేలిక. దానికి అడ్డంగా కందకం తవ్వి, పొరలు ఎన్నిసార్లు తెగాయో, ఎంత జరిగాయో, ఎప్పుడో చూస్తారు. మన డెల్టాలో ఆ పని ఎందుకు కుదరదంటే, వేల ఏళ్లకు ఒకసారి నేల మూరెడు తెగినా, గోదావరి నాలుగు వరదల్లో దాన్ని పూడ్చేస్తుంది. మిగిలింది మన నాగలి చదును చేస్తుంది. పైగా ఇక్కడ నేల కదలిక ఎంత నెమ్మది అంటే ఉపగ్రహ కొలతలకు కూడా అందడం కష్టం. యంత్రాలతో కొలవడం మొదలై వందేళ్లు దాటింది అంతే. వేల ఏళ్ల మనిషిని ఒక్క నిమిషం చూసి నిద్రపోతున్నాడో చచ్చిపోయాడో చెప్పమన్నట్టు ఉంటుంది.

అందుకని చేసేది ఇంకో దారి. భ్రంశాన్ని వదిలేసి ప్రాంతాన్ని పట్టుకుంటారు. ఊహకు కొన్ని అంకెలు చెబుతాను, నిజం లెక్క అనుకోకండి. ఒక ప్రాంతంలో 50 ఏళ్లలో 4 దాటిన భూకంపాలు పది వచ్చాయనుకుందాం. పరిమాణం ఒక మెట్టు ఎక్కితే సంఖ్య పదో వంతుకు పడిపోవడం ప్రపంచమంతటా స్థూలంగా కనిపించే పద్ధతి. అంటే 5 దాటినది 50 ఏళ్లకు ఒకటి, 6 దాటినది 500 ఏళ్లకు ఒకటి. అది ఎక్కడ వస్తుందో తెలియదు కాబట్టి నారుమడిలో విత్తనాలు చల్లినట్టు ప్రాంతమంతా సమంగా చల్లుతారు. అంటే తెలియని భ్రంశం ప్రతి ఊరి కిందా కొంచెం కొంచెం ఉన్నట్టు.

పై హద్దు, అంటే ఇక్కడ రాగల అతి పెద్ద భూకంపం ఎంత అనే సంగతి మరీ చిక్కు. ఇక్కడ 5.7 మించి నమోదు కాలేదని 5.7 దగ్గర ఆపరు. మనలాంటి పాత, గట్టి ఖండభాగాలు ఇంకెక్కడ ఏం చేశాయో చూస్తారు. ఆస్ట్రేలియాలో టెనంట్ క్రీక్ దగ్గర 1988లో ఒకే రోజు 6 దాటినవి మూడు వచ్చాయి. ముందురోజు వరకు అక్కడ భ్రంశం ఉందని ఎవరికీ తెలియదు.

పూతరేకు
ఇది ఎల్‌ఐసీ పద్ధతి. నేను ఎప్పుడు పోతానో ఏజెంటుకు తెలియదు, ప్రీమియం మాత్రం పైసలతో సహా చెబుతాడు.

లంకగాలి
ఎల్‌ఐసీ దగ్గర కోట్ల మంది పుట్టుకలు, చావుల లెక్క ఉంది. మాస్టారి దగ్గర మూడు భూకంపాలు, ఒక పిల్లి ఉన్నాయి.

రాళ్లమాస్టారు
పిల్లితో సహా ఒప్పుకుంటున్నాను. అందుకే నిజాయితీగా చేసేవాళ్లు ఒక్క అంకె ఇచ్చి లేచిపోరు. పై హద్దు 6 అనుకుంటే ఇంత, 6.5 అనుకుంటే ఇంత, పాత గుడివాడ పల్లం అంచు బతికే ఉందనుకుంటే ఇంత అని వేర్వేరుగా లెక్కకట్టి, ఒక్కొక్క ఊహకూ ఎంత నమ్మకమో దానికి తగ్గ తూకం వేస్తారు. ఆ తూకం రాళ్లు నిపుణుల చేతిలో ఉంటాయి. ఒకే సమాచారం ఇచ్చినా ఇద్దరు నిపుణుల చేతుల్లో వేర్వేరు బరువు తూగవచ్చు. ఇది ఈ శాస్త్రానికి ఉన్న లోటు, దాచడంలో అర్థం లేదు. అంకె చెప్పి దాని వెనక ఎంత అటూఇటూ ఉందో చెప్పకపోతేనే నాకు కోపం.

కోటిపల్లి_రేవు
475 ఏళ్లకు ఒకసారి వచ్చే భూకంపం అని ఎక్కడో చదివాను. అయితే ఇబ్బంది లేదు, మునిమనవలు చూసుకుంటారు.

సిమెంటుధూళి
ఏటా 475లో ఒక వంతు అవకాశం అని దాని అర్థం. 50 ఏళ్లు నిలిచే ఇంటికి లెక్కేస్తే పది శాతం. పదిలో ఒక బస్సు బోల్తా పడుతుందని తెలిస్తే మీరు ఎక్కుతారా?

కోటిపల్లి_రేవు
మా ఊరికి ఉన్నదే ఒక బస్సు.

గౌతమి_గట్టు
ఎవరూ అసలు కారణం మాట్లాడరు. వాయువు తోడేస్తున్నారు, పోలవరంలో నీళ్లు నింపుతారు. నేల ఊగక ఏం చేస్తుంది?

రాళ్లమాస్టారు
రెండింటికీ లోకంలో ఉదాహరణలున్నాయి, అందుకే కొట్టిపారేయను. మహారాష్ట్రలో కొయనా జలాశయం 1962లో నింపడం మొదలైంది, 1967 డిసెంబరు 11న 6 దాటిన భూకంపం వచ్చింది. నెదర్లాండ్స్‌లో గ్రోనింగెన్ దగ్గర వాయువు తీయడం వల్ల నేల కంపించింది, అక్కడ అన్నిటికంటే పెద్దది 2012లో 3.6. కానీ జలాశయం చేసేది అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న పగులును కాస్త తొందరపెట్టడం. జలాశయాలు వేలల్లో ఉన్నాయి, కొయనాలు చాలా తక్కువ. ములుగులో లోతు 40 కిలోమీటర్లు అని నమోదయింది. అంత లోతుకు మన తవ్వకాలేవీ పోవు. అనుమానం తీరాలంటే దగ్గర దగ్గరగా యంత్రాలు పెట్టి చిన్న చిన్న కదలికలు కూడా పట్టుకోవాలి. అది అడగండి, నేనూ మీతో సంతకం పెడతాను.

బోరుపంపు
నేను చదువుకున్నది తక్కువ. ఇరవై రెండేళ్లుగా ఈ చుట్టుపక్కల బోర్లు వేస్తున్నాను. మీరందరూ మైళ్ల లోతు గురించి మాట్లాడుతున్నారు, నేను వంద అడుగుల గురించి చెబుతాను. ఒకే ఊళ్లో ఒక వీధిలో నలభై అడుగులదాకా జిగురు నల్లమట్టి వస్తుంది. పక్క వీధిలో పన్నెండు అడుగులకే సన్న ఇసుక, గొట్టం దానంతట అదే దిగిపోతుంది, బలం పెట్టక్కర్లేదు. అలాంటి చోట ముసలివాళ్లను అడిగితే ఇక్కడ పూర్వం పాయ పారేది అంటారు. ఇప్పుడైతే రొయ్యల చెరువులు పూడ్చి ప్లాట్లు వేస్తున్నారు. పైన రెండు అడుగుల ఎర్ర గ్రావెలు, కింద ఏం పోశారో దేవుడికి తెలియాలి.

ఇసుకగూడు
క్రైస్ట్‌చర్చ్‌లో బురద ఎక్కువగా ఉబికింది సరిగ్గా అలాంటి చోట్లే. నది పక్కన, పాత పాయల మీద.

రాళ్లమాస్టారు
బోరుపంపు గారికి దండం. ఈ చర్చలో ఇంతసేపటికి పనికొచ్చే మాట వచ్చింది.

చిన్నప్పుడు అందరం గోదావరి ఒడ్డున ఆడిన ఆటే. తడి ఇసుక మీద నిలబడి పాదాలతో గబగబా తడితే పైకి నీరు ఊరుతుంది, ఇసుక అంబలిలా మారి కాళ్లు దిగిపోతాయి. ఇసుక రేణువులు ఒకదానిమీద ఒకటి ఆనుకుని బరువు మోస్తాయి. ఊపు తగలగానే అవి దగ్గరకు సర్దుకోబోతాయి, మధ్యనున్న నీటికి పోవడానికి దారి దొరకదు. బరువు నీటిమీద పడుతుంది. నీరు ఇల్లు మోయగలదా? నీరుగారిపోవడం అనే మాటకు ఇంతకంటే సరైన వాడుక లేదు. 1934 జనవరి 15 భూకంపంలో బీహారు మైదానంలో ఇళ్లు కూలకుండానే ఒరిగి భూమిలోకి దిగిపోయాయి. పొలాల్లో ఇసుక ఊటలు లేచాయి.

జిగురు నల్లమట్టికి ఈ జబ్బు తక్కువ, వేరే జబ్బు ఉంది. మెత్తటి నేల దూరం నుంచి వచ్చిన ఊపును పెంచుతుంది. 1985లో మెక్సికో నగరానికి భూకంపం వచ్చింది 350 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి. పాత సరస్సు మట్టి మీద కట్టిన భవనాలు కూలాయి, గట్టి నేల మీదివి నిలిచాయి. అందుకే భ్రంశం మా ఊరి కిందే ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. ఎక్కడో ఉన్నది చాలు.

లంకగాలి
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను ఇంత వాదించేవాణ్ణి కాను. భ్రంశం ఎక్కడో చెప్పలేరు గానీ ఇసుక ఎక్కడో చెప్పగలరు.

పూతరేకు
లంకగాలి గారు ఒప్పుకున్నారు. తేదీ రాసిపెట్టుకోండి, ఇది 475 ఏళ్లకు ఒకసారి.

సిమెంటుధూళి
మీ ప్లానులో నన్ను భయపెట్టేది కింద కార్లకు వదిలిన అంతస్తు. 2001 జనవరి 26 భుజ్ భూకంపానికి అహ్మదాబాదు 200 కిలోమీటర్లకు పైగా దూరం. అయినా అక్కడ బహుళ అంతస్తుల భవనాలు డజన్ల కొద్దీ కూలాయి, వాటిలో కింద గోడలు లేకుండా వట్టి పిల్లర్ల మీద నిలబెట్టినవి చాలా ఉన్నాయి. పైన గోడలతో బిగుసుకున్న బరువు, కింద సన్నటి కాళ్లు. ఊగినప్పుడు అంతా మోకాళ్ల మీదే పడుతుంది. కనీసం రెండు వైపులా మూలల్లో కాంక్రీటు గోడ లేపమని మీ ఇంజినీరును అడగండి, ఎక్కడ, ఎంత పొడవు అనేది ఆయన లెక్క.

ఇంకోటి రింగులు. మన దగ్గర చివరలు 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. ఊపుకు పైకాంక్రీటు రాలగానే అవి విచ్చుకుంటాయి. చివరలు 135 డిగ్రీలు వంచి లోపలికి దిగాలి. పిల్లరు రెండు చివర్లలోనూ రింగుల ఎడం పది సెంటీమీటర్లు మించకూడదు. దీనికి అయ్యే అదనపు ఇనుము మీ గృహప్రవేశం భోజనాల ఖర్చులో మూలకు రాదు.

పునాదికి ముందు నేల పరీక్ష చేయించండి. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కిస్తారు. తడి ఇసుకలో పది దెబ్బల లోపే దిగితే ఆ నేలను నమ్మవద్దు.

ఇటుకబట్టీ_సూరి
మాస్టారూ, ఇది సంబంధం ఉందో లేదో తెలియదు. మా బట్టీ మట్టి గొయ్యిలో పక్కగోడ మీద నల్లమట్టి పొర మధ్యలోంచి తెల్లటి ఇసుక చార నిలువుగా పైకి పోయింది. బెత్తెడు వెడల్పు. కింద ఇసుక పొర ఉంది, దాంట్లోంచే లేచినట్టుంది. పనివాళ్లు పాముపుట్ట అన్నారు.

రాళ్లమాస్టారు
గొయ్యి పూడ్చకండి!

పాముపుట్టో, పీతల బొరియో, కుళ్లిన తాటి వేరు ఖాళీలో దిగిన ఇసుకో కావచ్చు. వరద ఒత్తిడికి గట్టు పక్కన ఊరిన ఊట కూడా అలాగే ఉంటుంది. వీటన్నిటినీ తోసిపుచ్చగలిగితే అప్పుడు, ఎప్పుడో నేల ఊగి ఇసుక నీరై పైకి తన్నిన గుర్తు కావచ్చు. భ్రంశం కనిపించని చోట భూకంపాన్ని పట్టుకోవడానికి ఇదొక దారి. దొంగ దొరక్కపోయినా అడుగుజాడ దొరికినట్టు. చార తెగిన పొరలో బొగ్గుముక్కో నత్తగుల్లో దొరికితే కాలం కట్టవచ్చు. ఒక్క గొయ్యితో ఏదీ తేలదు, నాలుగు ఊళ్లలో ఒకే వయసువి దొరకాలి. ఫొటో తీసి పెట్టండి, కొలత తెలిసేలా పక్కన ఏదైనా వస్తువు ఉంచండి.

వశిష్ఠ_తీరం
పది రోజుల తర్వాత వస్తున్నాను. నేల పరీక్ష అయింది. ఏడడుగులకే నీళ్లు. నాలుగు మీటర్ల దాకా నల్లమట్టి, అక్కడి నుంచి ఇసుక. దెబ్బలు తొమ్మిది, పదకొండు, మళ్లీ తొమ్మిది. పద్నాలుగు మీటర్ల దగ్గర ముప్పై దాటింది. ఇంజినీరు పైల్స్, అంటే పునాది కింద దించే కాంక్రీటు స్తంభాలు, అక్కడిదాకా దించుతానంటున్నాడు. కింది అంతస్తులో రెండు మూలల గోడలు లేస్తున్నాయి, ఒక కారుకే చోటు మిగిలింది. రెండో కారు బావగారిది కాబట్టి ఇంట్లో వాతావరణం బాగాలేదు.

కాంట్రాక్టరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. రాడ్లు వంచే కుర్రాడు మాత్రం 135 అనగానే వెంటనే వంచి చూపించాడు. చెన్నైలో పనిచేసినప్పుడు ఇలాగే వంచేవాడట. ఇక్కడ ఎందుకు వంచవు అంటే, ఎవరూ అడగలేదండి అన్నాడు.

భ్రంశం సంగతి తేలలేదు గానీ పక్క స్థలం అమ్ముడుపోయింది. కొన్నాయన ఈ వేదిక చదవడు.

బోరుపంపు
కొన్నాయన బోరు కోసం నిన్ననే వచ్చాడు. చదివే వచ్చాడు.

ఇటుకబట్టీ_సూరి
ఫొటో పెట్టాను మాస్టారూ. కొలతకు పక్కన తాటికాయ పెట్టాను.

రాళ్లమాస్టారు
తాటికాయలన్నీ ఒకే సైజు ఉంటాయా సూరీ? రేపు పొద్దున మొదటి బస్సుకు వస్తున్నాను, టేపు నేనే తెస్తాను. ఆలోపు వాన పడితే గొయ్యి మీద పట్టా కప్పించు.